రేవులో మూడు రోజుల ఖర్చు

చిల్లరమ్మ లెక్క వేసిందంటే అందులో వేలు పెట్టే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. ముప్ఫై ఏళ్ళు సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఎంత కిక్కిరిసిన బస్సులోనైనా, ఎంత పెద్ద నోటు చేతిలో పెట్టినా, దిగే స్టాపు రాకముందే మిగతా చిల్లర లెక్కపెట్టి ఇచ్చేసేది కాబట్టి రోజూ ఎక్కేవాళ్ళు ఆ పేరు పెట్టారు. అసలు పేరు పెన్షను కాగితాల మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. ఇప్పుడు ఇంటి ఖర్చు కూడా ట్రిప్పు షీటు రాసినట్టే రాస్తుంది. ఎక్కడ బయల్దేరాం, ఎక్కడ ఆగాం, సంచిలో ఎంత ఉండాలి, ఎంత ఉంది. తేడా వచ్చిన రోజు ఆమెకు ముద్ద దిగదు.

ఈసారి లెక్క సముద్రం ఒడ్డు పట్నంలో మూడు రోజులు ఉండి రావడానికి. కొడుకు సరుకుల ఓడలో వంటవాడు. ఓడెక్కి పద్నాలుగు నెలలైంది. పాప పుట్టి ఏడు నెలలు. అంటే తండ్రి పిల్ల మొహం ఇంకా చూడనే లేదు. చేతుల్లో ఫోన్లు లేని రోజులవి, ఉత్తరం ముక్కే దిక్కు. ఆ ఉత్తరంలోనే రాశాడు: పన్నెండో తారీకున మా ఓడ రేవుకు వస్తుంది, రెండు రోజులు ఉంటుంది, ఇంటికొచ్చి వెళ్ళేంత సెలవు ఇవ్వరు, ఆ తర్వాత ఇంకో ఏడాది దాకా ఇటువైపు రాము, అని. మీరు రండి అని మాత్రం రాయలేదు. కిందటి చలికాలం తల్లి గుండె నొప్పితో పది రోజులు ఆసుపత్రిలో ఉందని తెలిసిన దగ్గర్నుంచీ, ఆమెను ఇంట్లోంచి కదిలించే మాటేదీ అతను రాయడం లేదు.

"మనమే వెళ్దాం అమ్మాయ్," అంది చిల్లరమ్మ ఉత్తరం మడుస్తూ. ఎలా అని కోడలు అడిగేలోపే పెన్సిలు తీసింది.

ఉన్నది తొమ్మిది వందలు. మెళ్ళోవీ చేతులవీ కిందటేడే ఆసుపత్రి తినేసింది, కాబట్టి అంతకు మించి ఒక్క పైసా పుట్టదు. ఆమె ఏ ప్రయాణం లెక్క రాసినా మొదటి గీత మీద తిరుగు ఛార్జీ ఉంటుంది. రెండు టికెట్లు, రెండొందల అరవై. అది విడిగా గుడ్డసంచిలో వేసి ముడేసి నడుముకు కట్టేసుకుంది. తర్వాత వెళ్ళే ఛార్జీ ఇంకో రెండొందల అరవై. పాప ఒళ్ళో కూర్చుంటుంది, టికెట్టు లేదు. గది రోజుకు అరవై చొప్పున నూట ఎనభై. తిండికి రోజుకు నలభై, పాప పాలకు పది. ఊళ్ళో బస్సులకు మొత్తం మీద ముప్ఫై. అనుకోని ఖర్చుకు ఇరవై. కూడితే తొమ్మిది వందలు, అచ్చంగా.

అనుకోనిది ఇరవై దాటితేనో అని కోడలు గొణిగింది. దాటనివ్వనని అత్త జవాబిచ్చింది.

నిజానికి ఆ లెక్కలో ఒకే ఒక్క తప్పుంది, అది కూడికలో లేదు. బస్సుల్లో బతికిన మనిషి కాబట్టి చేసిన తప్పు. బస్సు వచ్చిందంటే ఆగుతుంది, తలుపు తీస్తారు, జనం దిగుతారు. ఆరింటికని బోర్డు మీద ఉంటే ఆరింటికి రావాలి, అయిదు నిమిషాలు ఆలస్యమైతే సంజాయిషీ రాసివ్వాలి. ఓడ కూడా అంతే అనుకుంది చిల్లరమ్మ. పన్నెండున వస్తుందని రాశాడు కాబట్టి పన్నెండున దిగుతాడు. పద్నాలుగు రాత్రి బస్సుకి తిరుగు ప్రయాణం. ఇంక ఆలోచించేదేముంది?

పన్నెండో తారీకు పొద్దున్నే పట్నంలో దిగి, రేవు దగ్గర్లోని ఒక మేడ మీద గది తీసుకున్నారు. మంచం ఒకటి, కిటికీ ఒకటి, కిటికీ అవతల గోడ. సామాను పడేసి, పాపకు కొత్త గౌను వేసి, ఓడల ఏజెంటు ఆఫీసు వెతుక్కుంటూ వెళ్ళారు. అద్దాల గదిలో ఒకే ఒక్క గుమాస్తా, అతని బల్ల మీద గరగరలాడే రేడియో పెట్టె, గోడకి నల్లబల్ల. నల్లబల్ల మీద సుద్దముక్కతో ఓడల పేర్లు. కొడుకు ఓడ పేరు పక్కన "వచ్చింది, ఉదయం 6" అని చూసేసరికి చిల్లరమ్మ పొంగిపోయింది. చూశావా, చెప్పిన టైముకి చెప్పినట్టు, అని కోడలి వైపు తిరిగింది.

గుమాస్తా వాళ్ళ సంతోషం చూసి కుర్చీలోంచి లేచాడు. తర్వాత అద్దంలోంచి సముద్రం వైపు వేలు చూపించాడు. దూరంగా, ఆకాశం కలిసేచోట, బూడిదరంగు మరక లాంటివి నాలుగైదు ఉన్నాయి.

"వచ్చిందమ్మా. కాని ఒడ్డుకి రాలేదు. రేవులో ఖాళీ లేక అక్కడే లంగరేసుకుని వరసలో ఉంది. రేపు లోపలికి రావచ్చు."

"రావచ్చు" అన్న మాటంటేనే చిల్లరమ్మకు ఒళ్ళు మంట. ముప్ఫై ఏళ్ళలో ఏ ప్రయాణికుడికీ ఆ మాట చెప్పి ఎరగదు. పోనీ, మేం వచ్చామని ఆ రేడియోలో ఒక్క ముక్క మా వాడికి చెప్పు నాయనా అని అడిగింది. సొంత కబుర్లు అందులో చెప్పకూడదని, చెబితే తన ఉద్యోగం పోతుందని అతను చేతులు జోడించినంత పని చేశాడు. రూలన్నాక ఆమె మళ్ళీ అడగలేదు.

రెండో రోజు కూడా బల్ల మీద అదే రాత, సముద్రంలో అవే మరకలు. ఆఫీసు మెట్ల దగ్గర ఒక లాంచీ సరంగు తగిలాడు. ఆగి ఉన్న ఓడలకు కూరగాయలు, మంచినీళ్ళు మోసుకెళ్ళే లాంచీ నడిపేది అతనే. రండి, మనిషికి యాభై, ఓడ నిచ్చెన దగ్గర ఆపుతాను, మీవాణ్ణి కిందికి పిలిపించుకుని అయిదు నిమిషాలు మాట్లాడుకోండి అన్నాడు. కోడలు మొహం వెలిగిపోయింది. పాపను అప్పుడే ఒంటి చేత్తో సర్దుకుని రెండు మెట్లు దిగింది కూడా.

చిల్లరమ్మ మాత్రం కదల్లేదు. ఇద్దరికీ వంద. అనుకోని ఖర్చులో ఉన్నది ఇరవై. మిగతా ఎనభై ఎక్కణ్ణుంచి రావాలి? నడుముకున్న సంచిలోంచి రావాలి. ఆ ముడి విప్పితే ఇక దానికి అంతూ పొంతూ ఉండదు. పైగా రేపు ఎలాగూ ఒడ్డుకే వస్తుందిగా.

"ఒక్క రోజు ఆగితే ఊరికే చూడగలిగే మనిషి కోసం వంద పోస్తామా?" అంది.

"రేపు కూడా రాకపోతే అత్తయ్యా?"

"తిరుగు ఛార్జీ ముట్టుకుంటే మనిషి దారిలో నిలబడిపోతాడమ్మాయ్. అలా నిలబడ్డవాళ్ళని నేను రోజూ చూశాను. పసిపిల్లతో మనం ఆ పని చెయ్యం."

కోడలు దిగిన మెట్లు మళ్ళీ ఎక్కింది. పైటతో పాప మొహానికి ఎండ తగలకుండా కప్పి, లాంచీ వెళ్ళిపోయేదాకా చూస్తూ నిలబడింది. ఆ తర్వాత గదికి వచ్చేదాకా అత్తకు నాలుగడుగులు ముందే నడిచింది. చిల్లరమ్మకు కోపం వచ్చింది. కోడలి మీదే అనుకుంది గాని, కోపం వచ్చింది తన మీదే.

ఆ రాత్రి నుంచే ఆమె ఖర్చు నొక్కడం మొదలుపెట్టింది. బస్సెక్కడం మానేసి నడక. ఊళ్ళో బస్సులకి తీసిపెట్టిన ముప్ఫైలో ఆరు అప్పటికే అయిపోయింది, మిగిలిన ఇరవై నాలుగు వెనక్కి వేసింది. భోజనం దగ్గర ఆకలి లేదని బన్నూ టీతో సరిపెట్టుకుంది. నాకూ లేదని కోడలు అంటే ఊరుకోలేదు, పాలిచ్చే తల్లివి, నోరు మూసుకుని తిను అని కసిరింది. మూడో రోజు రాత్రికే తిరుగు బస్సు. సంచి సర్దుకుని, చివరిసారిగా అడుగుదామని సాయంత్రం ఆఫీసుకు వెళితే, రేపు మాత్రం ఖాయమమ్మా, వరసలో ముందున్న ఓడ లోపలికి వెళ్ళిపోయింది, ఇక మీవాడిదే వంతు అన్నాడు గుమాస్తా.

చిల్లరమ్మ అక్కడే బెంచీ మీద కూర్చుని పెన్సిలు తీసింది. అనుకోని ఖర్చు ఇరవై, బస్సుల్లో మిగిలింది ఇరవై నాలుగు, తిండిలో మిగిలింది ముప్ఫై. మొత్తం డెబ్భై నాలుగు. ఇంకో రోజు గదికి అరవై, పాలకు పది పోతే నాలుగు మిగులుతుంది. ఆ నాలుగూ రేపటి తిండి.

"ఉంటున్నాం," అంది. కోడలు మూడు రోజుల్లో మొదటిసారి నవ్వింది.

నాలుగో రోజు మధ్యాహ్నం పన్నెండింటికి ఆఫీసు గుమ్మం తొక్కేసరికి గుమాస్తా తల ఎత్తలేదు. చిల్లరమ్మకు అప్పుడే అర్థమైపోయింది. డబ్బు తక్కువిచ్చి లోపలికి జరిగిపోయే ప్రయాణికుడు కూడా అలాగే తల దించుకుంటాడు.

ఓడ సొంతదారుల దగ్గర్నుంచి తంతి వచ్చిందట. సరుకు ఇక్కడ దించడం లేదు. ఇంకో దేశం రేవుకి పట్టుకుపొమ్మన్నారు. సాయంత్రం అయిదింటికి లంగరు ఎత్తేస్తారు.

కోడలు గోడకి చేరగిలబడిపోయింది. పాప ఏమీ తెలియక గుమాస్తా బల్ల మీది రబ్బరు స్టాంపు అందుకోవాలని చేతులు చాస్తోంది. చిల్లరమ్మ బల్ల దగ్గరికి వచ్చింది. లాంచీ ఉందా అని అడిగింది.

ఉంది. ఓడ కాగితాలు ఇచ్చి రావడానికి ఒంటిగంటకు వెళుతోంది. సరంగు అతనే గాని ధర అది కాదు. సముద్రం పోటు మీద ఉందమ్మా, సరుకు లేకుండా ఉత్త లాంచీ వెళుతోంది, మనిషికి రెండొందలు, ఒక్క పైసా తగ్గినా నాకు గిట్టదు అన్నాడు. చిల్లరమ్మ బతిమాలింది. బేరమాడింది. నేనూ నీలాగే బండి మీద బతికినదాన్నే నాయనా అని కూడా అంది. అతను కరిగాడు గాని ధర కరగలేదు. యజమాని లెక్క అడుగుతాడన్నాడు. లెక్క అనేసరికి ఆమె బేరం మానేసింది.

నడుము దగ్గర చెయ్యి పెట్టి ముడి విప్పింది. రెండొందల అరవై. ఒక మనిషికి సరిపోతుంది, ఇద్దరికి చాలదు. మొన్న వందతో అయిపోయేది. ఇద్దరూ వెళ్ళేవాళ్ళు, తిరుగు ఛార్జీలో తక్కువపడ్డ ఎనభై ఎలాగోలా తిండిలో, నడకలో కూడబెట్టుకునేవాళ్ళు. ఆ కూడిక ఇప్పుడు కళ్ళ ముందు అంత స్పష్టంగా కనబడుతుంటే ఆమెకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

"మీరు వెళ్ళండి అత్తయ్యా," అంది కోడలు. "పాపను ఎత్తుకుని మీరే వెళ్ళండి. నేనింకా చిన్నదాన్ని, ఏడాది ఆగగలను."

నువ్వాగలవు, నేనాగలనో లేదో అన్నది ఆమె నోటి చివరిదాకా వచ్చింది. కొడుకుని చూడాలని ఆమెకు ప్రాణం కొట్టుకుపోతోంది. ఆసుపత్రి మంచం మీద పది రోజులూ వాడి మొహమే కళ్ళ ముందు పెట్టుకుని బతికింది. కాని కట్టుకున్నదాన్ని ఒడ్డున నిలబెట్టి తాను వెళ్ళడం ఎలా? మొన్న ఆ వంద దగ్గర చెయ్యి బిగించింది తాను. శిక్ష ఆ పిల్లకెందుకు?

"నాకు లాంచీ పడదు, కళ్ళు తిరుగుతాయి," అని రెండొందలూ సరంగు చేతిలో లెక్కపెట్టింది. "వెళ్ళు. పాప మొహం వాడికి బాగా కనబడేలా పట్టుకో."

లాంచీ ఒంటిగంటకు కదిలింది. చిల్లరమ్మ రేవు గట్టు మీద ఒక ఇనప గుంజ పక్కన నిలబడింది. మొదట లాంచీ కనబడింది, తర్వాత చుక్కంత అయింది, తర్వాత అదీ కనబడలేదు. కూర్చుంటే వాళ్ళు వచ్చేది కనిపించదేమోనని కూర్చోలేదు. పొద్దుటి నుంచి కడుపులో సగం బన్ను తప్ప ఏమీ లేదు. ఎండకు కళ్ళు బైర్లు కమ్ముతున్నా ఆ నీళ్ళ మీదినుంచి చూపు తిప్పలేదు. ఈపాటికి నిచ్చెన దగ్గరికి చేరి ఉంటారు. ఈపాటికి వాడు కిందికి దిగి ఉంటాడు. పాపను ఎత్తుకుని ఉంటాడు. ఎత్తుకుంటే ఏడుస్తుందో ఏమో, కొత్తవాళ్ళంటే దానికి బెదురు.

మూడింటికి లాంచీ తిరిగి వచ్చింది. మెట్ల మీదికి అడుగుపెట్టిన కోడలి మొహం చూసి చిల్లరమ్మ ఎదురు వెళ్ళింది. చూడలేదా, దిగలేదా, పాపకు దెబ్బేమైనా తగిలిందా అని గబగబా అడిగేసింది. చూశాడు. దిగాడు. పాపను గుండెలకు హత్తుకున్నాడు. అన్నీ అయ్యాయి. కాని కోడలు ఏడుపు ఆపలేకపోతోంది.

"నన్ను ఒక్కదాన్నే చూసి ఆయన మొహం పాలిపోయింది అత్తయ్యా. సంతోషం పట్టలేక నేను ఏడుస్తున్నాను. ఆయన ఇంకోలా అనుకున్నారు. మొట్టమొదటి మాటే, అమ్మ ఎప్పుడు పోయింది, అని."

"నేను ఇక్కడే ఉన్నానని చెప్పలేదా నువ్వు?" అంది చిల్లరమ్మ.

"మీరు ఒడ్డున ఉన్నారని అరిచాను. ఇంజను హోరులో వినపడీ వినపడనట్టుంది. ఉంటే ఎందుకు రాలేదు, అమ్మ నిన్ను ఒక్కదాన్ని పంపే మనిషేనా, అని అడిగారు. చుట్టూ ఓడవాళ్ళు రైలింగు పట్టుకుని చూస్తున్నారు. డబ్బు చాలక రాలేదని అంతమందిలో ఎలా అరవను? కాసేపు ఆగాను. ఆ ఆగడంతోనే ఆయనకు ఖాయమైపోయింది. నాకు తెలియకూడదని దాస్తున్నారు కదూ అన్నారు. పైనుంచి ఎవరో పిలిచారు. పాపను నా చేతిలో పెట్టి, ఏడుస్తూనే నిచ్చెన ఎక్కి వెళ్ళిపోయారు."

ఇంకా రెండు గంటల్లో ఓడ వెళ్ళిపోతుంది. ఏడాది దాకా రాదు. తల్లి బతికుండగానే తల్లి పోయిన దుఃఖంతో వాడు ఏడాదంతా ఆ నీళ్ళ మీద తిరుగుతాడు. చిల్లరమ్మ ఇంకేమీ ఆలోచించలేదు. అరవై ఏళ్ళు దాటిన మనిషి, గుండె జబ్బు మనిషి, ఆఫీసు మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది.

గుమాస్తా మొత్తం విన్నాడు. రూలు రూలే అని అనబోయి కోడలి చంకలోని పాపను చూశాడు. మూడు రోజులు వరసగా రేపు రేపు అన్నది తానే. తలుపు గడియ వేసి వచ్చి రేడియో ముందు కూర్చున్నాడు. మైకు మీ చేతికి ఇవ్వలేనమ్మా, కబురేదో చెప్పండి, నేను చదువుతానన్నాడు. ఓడను పిలిచి, వంటాయన్ని రేడియో గదికి రమ్మన్నాడు. అయిదు నిమిషాలు గరగర తప్ప ఏమీ లేదు. తర్వాత వచ్చాడని అటునుంచి చెప్పారు.

"అమ్మ క్షేమంగా ఉందని చెప్పనా?"

"వద్దు. ఆ మాట ఎవరైనా చెబుతారు. వాడు నమ్మడు," అంది చిల్లరమ్మ. వేళ్ళ మీద లెక్క చూసుకుంది. "ఇది రాసుకో నాయనా. మీ అమ్మ చెప్పిన లెక్క అని మొదలుపెట్టు. వచ్చిన బస్సు, రెండు టికెట్లు, రెండొందల అరవై. పాపకు టికెట్టు లేదు. గది, మూడు రోజులనుకుంటే నీ ఓడ చేసిన నిర్వాకానికి నాలుగు రోజులు, రెండొందల నలభై. తిండి తొంభై నాలుగు. పాపకు పాలు నలభై, అందులో నీళ్ళే ఎక్కువ. ఊళ్ళో బస్సులు ఆరు, మిగతాది నడక. లాంచీ ఒక మనిషికి, రెండొందలు. మొత్తం ఎనిమిది వందల నలభై. ఇద్దరం రావడానికి చాలలేదు. అందుకని రాలేదు. చచ్చిపోయి కాదు."

గుమాస్తా పక్షుల బొమ్మలున్న చిన్న పుస్తకంలో రాసుకుని, ఓడల బరువులు చదివే గొంతుతోనే ఒక్కొక్క పద్దూ చదివాడు. పాలలో నీళ్ళ సంగతి కూడా వదల్లేదు. చదవడం అయిపోయాక బొత్తాం వదిలేశాడు.

అటునుంచి ముందు ఏదో దగ్గులా వినిపించింది. ఆ తర్వాత గొంతు వచ్చింది. పద్నాలుగు నెలల తర్వాత వింటున్నా చిల్లరమ్మ మొదటి అక్షరానికే బల్ల అంచు పట్టుకుంది. వాడు ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియడం లేదు.

"అది మా అమ్మే సార్. ఇంకెవరూ కాదు. కాని తిరుగు ఛార్జీ చదవలేదు మీరు. మా అమ్మ మొదట అదే రాస్తుంది. అదేదో ఒకసారి అడగండి."

లాంచీ డబ్బు ఏ సంచిలోంచి వచ్చిందో కోడలికి తెలుసు, మధ్యాహ్నం పక్కనే నిలబడి చూసిన గుమాస్తాకీ తెలుసు. అతను చిల్లరమ్మ మొహం వైపు చూశాడు. తర్వాత మైకు ఆమె ముందుకు జరిపి, నొక్కాల్సిన బొత్తాం చూపించాడు.

స్టాపుల పేర్లు అరిచి అరిచి గట్టిపడ్డ గొంతు ఆమెది. ఇప్పుడు కూడా అలాగే పలికింది.

"అది విడిగా కట్టి ఉంది నాన్నా. నడుముకే ఉంది. నువ్వు వేళకి తిను."

బొత్తాం వదిలింది. చాలాసేపు గరగర మాత్రమే వినిపించింది. వాడు నమ్మలేదని ఆమెకు అర్థమైంది. నమ్మినట్టు చెప్పడానికే అంతసేపు పట్టింది వాడికి.

"సరే అమ్మా," అని వచ్చింది చివరికి.

చిల్లరమ్మ మైకు గుమాస్తా వైపు జరిపేసి, నడుము సంచిలో మిగిలిన అరవై ఓసారి తడుముకుని, కోడలి చంకలోంచి పాపను తీసుకుని, ఇక్కణ్ణుంచి బస్సు డిపోకి నడిచి వెళితే ఎంత దూరమని అతన్ని అడిగింది.